విదేశంలో ఆఫీసు: లైజన్ ఆఫీసా, బ్రాంచా, సబ్సిడరీయా?

వేరే దేశంలో నలుగురు కస్టమర్లు దొరకగానే అక్కడ మన మనుషులుంటే బాగుంటుందనిపిస్తుంది. బోర్డులో ఎవరో ఒకరు "బ్రాంచ్ పెట్టేద్దాం" అనేస్తారు. ఇక చర్చంతా ఏ ఊరు, ఎంత అద్దె, ఎవర్ని పంపాలి అన్న వాటి చుట్టూ తిరుగుతుంది. అసలు పెట్టాల్సింది బ్రాంచేనా అని అడిగేవాళ్లు తక్కువ. చట్టం దృష్టిలో బ్రాంచ్ వేరే మనిషి కాదు. అది చేసిన సంతకం హెడ్ ఆఫీసు సంతకమే. దాని అప్పు హెడ్ ఆఫీసు తీర్చాల్సిందే, దాని మీద కేసు వేస్తే ప్రతివాది హెడ్ ఆఫీసే. ఇది తెలిసి బ్రాంచ్ ఎంచుకుంటే మంచిదే. తెలియక ఎంచుకునేవాళ్ల కోసమే ఈ పోలిక.

చేతిలో ఐదు దారులున్నాయి. ఒకటి, అక్కడి ఏజెంటు లేదా డిస్ట్రిబ్యూటరు. రెండు, ఎంప్లాయర్ ఆఫ్ రికార్డ్ సంస్థ ద్వారా, అంటే మన పని చేసే మనిషిని కాగితం మీద తన ఉద్యోగిగా పెట్టుకునే అక్కడి సంస్థ ద్వారా, మనిషిని పెట్టుకోవడం. దీన్ని ఈఓఆర్ అంటున్నారు. మూడు, లైజన్ ఆఫీసు, కొన్ని దేశాల్లో ప్రతినిధి కార్యాలయం అనేది దీన్నే. నాలుగు, బ్రాంచ్. ఐదు, అక్కడి చట్టం కింద వేరే కంపెనీగా పుట్టే సబ్సిడరీ.

## ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్నలు

చాలామంది పన్ను రేటుతో మొదలుపెడతారు. నా లెక్కలో అది నాలుగో ప్రశ్న.

అన్నిటికంటే ముందు, అక్కడ జరిగే పనేమిటి? సరుకు గురించి చెప్పడం, మార్కెట్ సమాచారం పోగుచేయడం ఒకటి. ధర మాట్లాడి, ఒప్పందం కుదిర్చి, ఇన్వాయిస్ వేయడం పూర్తిగా వేరు. చాలా దేశాల్లో లైజన్ ఆఫీసుకూ బ్రాంచ్‌కూ మధ్య గీత ఇక్కడే ఉంటుంది.

రెండోది, ఏదైనా తేడా వస్తే ఎవరి మెడకు చుట్టుకుంటుంది? సాఫ్ట్‌వేర్ సపోర్ట్ ఇచ్చే ముగ్గురి ఆఫీసుకు ఇది పెద్ద విషయం కాకపోవచ్చు. యంత్రాలు బిగించేవాళ్లకు, మందులు అమ్మేవాళ్లకు, భవనాలు కట్టేవాళ్లకు ఇదే మొదటి విషయం.

మూడోది, రెండేళ్లలో కుదరకపోతే ఎలా బయటపడతాం? తెరిచే ఖర్చు అందరూ లెక్కేస్తారు, మూసే ఖర్చు ఎవరూ వేయరు. అద్దె ఒప్పందం మిగిలిన కాలం, ఉద్యోగుల తొలగింపు పరిహారం, చివరి ఆడిట్, పన్ను శాఖ నుంచి బాకీ లేదన్న పత్రం, ఆ తర్వాతే రిజిస్టర్ నుంచి పేరు తీయించడం. ఈ వరుసలో ఏ మెట్టు దగ్గరైనా నెలలు గడిచిపోతాయి.

నాలుగోది పన్ను. ఇందులో మళ్లీ మూడు ముక్కలున్నాయి: అక్కడ లాభం మీద పడే రేటు, ఆ లాభాన్ని వెనక్కి తెచ్చేటప్పుడు పడే కోత, మొదటి ఏళ్లలో వచ్చే నష్టం ఎక్కడ ఉపయోగపడుతుందన్నది.

ఐదోది బ్యాంకు ఖాతా. వినడానికి చిన్న విషయంలా ఉంటుంది. రిజిస్ట్రేషన్ వారంలో అయిపోయి, ఖాతా కోసం నెలల తరబడి కూర్చున్న కంపెనీలు ఎన్నో.

## ఒక్క చూపులో

| | ఏజెంటు / ఈఓఆర్ | లైజన్ ఆఫీసు | బ్రాంచ్ | సబ్సిడరీ |
|---|---|---|---|---|
| అక్కడ అమ్మవచ్చా | ఏజెంటు: మన తరఫున, ఈఓఆర్ మనిషి: జాగ్రత్తగా | సాధారణంగా కూడదు | అమ్మవచ్చు | అమ్మవచ్చు |
| బాధ్యత ఎవరిది | ఒప్పందాన్ని బట్టి | మాతృ సంస్థది | పూర్తిగా మాతృ సంస్థది | ప్రధానంగా ఆ కంపెనీదే |
| మొదటి ఏళ్ల నష్టం | మాతృ సంస్థ ఖర్చే | మాతృ సంస్థ ఖర్చే | సొంత దేశపు చట్టాన్ని బట్టి సర్దుకోవచ్చు | అక్కడే ఉండిపోతుంది |
| టెండర్లలో పాత అనుభవం | ఏజెంటుకు వర్తించడం కష్టం | టెండరే వేయడం కుదరదు | మాతృ సంస్థ అనుభవం వర్తిస్తుంది | సున్నా నుంచి మొదలు |
| మాతృ సంస్థ లెక్కలు బయటికి | రావు | అరుదు | చాలా చోట్ల వస్తాయి | చాలావరకు రావు |
| మూయడం | ఒప్పందం రద్దు | తేలిక | మధ్యస్థం | లిక్విడేషన్ (ఆస్తులమ్మి, అప్పులు తీర్చి ముగించడం) లేదా పేరు కొట్టివేత |

## ఏజెంటు, ఈఓఆర్

ఇవి ఆఫీసు తెరవకుండా మార్కెట్‌ను పరీక్షించే దారులు. సరుకు అమ్ముడవుతుందో లేదో కూడా తెలియని దశలో వీటిని దాటి ముందుకెళ్లాల్సిన పనిలేదు.

ఏజెంటు విషయంలో యూరప్‌లో ఒక మెలిక ఉంది. 1986 నాటి యూరోపియన్ డైరెక్టివ్ (సభ్య దేశాలు తమ చట్టాల్లోకి తెచ్చుకోవాల్సిన ఆదేశం) ప్రకారం కమీషన్ ఏజెంటుతో ఒప్పందం రద్దు చేసుకుంటే అతనికి నష్టపరిహారమో, అతను తెచ్చిన కస్టమర్లకు ప్రతిఫలమో ఇవ్వాల్సి రావచ్చు. ప్రతిఫలం పద్ధతి పాటించే దేశాల్లో దాని గరిష్ఠ పరిమితి ఒక ఏడాది సగటు కమీషన్. ఆ సగటును గత ఐదేళ్ల లెక్కన తీస్తారు. "ఏజెంటే కదా, నచ్చకపోతే మార్చేద్దాం" అన్న ధీమా ఇక్కడ పనిచేయదు. సరుకు తన పేరున కొనుక్కుని అమ్ముకునే డిస్ట్రిబ్యూటరుకు ఆ డైరెక్టివ్ నేరుగా వర్తించదు. అందుకే ఒప్పందంలో ఆ మనిషి ఎవరో స్పష్టంగా రాయాలి.

ఈఓఆర్ ఒకరిద్దరు ఉద్యోగులకు హాయి. జీతం, పీఎఫ్ లాంటి కోతలు, సెలవులు అన్నీ ఆ సంస్థ చూసుకుంటుంది, మనం నెలకింత కడతాం. అయితే జర్మనీ లాంటి దేశాలు దీన్ని ఉద్యోగులను అద్దెకివ్వడంగానే చూస్తాయి. అక్కడ దానికి లైసెన్సు కావాలి, ఒక ఉద్యోగిని ఒకే కంపెనీకి ఇచ్చే కాలానికి సాధారణంగా 18 నెలల పరిమితి ఉంది.

## లైజన్ ఆఫీసు

చవక, తేలిక, పన్ను బెడద తక్కువ. ప్రతిగా చేతులు కట్టేసి ఉంటాయి. నియమాలు దేశానికో తీరు. భారత్‌లో విదేశీ కంపెనీ లైజన్ ఆఫీసు సంపాదించడానికి వీల్లేదు, ఖర్చులన్నీ హెడ్ ఆఫీసు పంపే డబ్బుతోనే నడవాలి. జపాన్‌లో దానికి రిజిస్ట్రేషనే అక్కర్లేదు, కానీ దాని పేరున బ్యాంకు ఖాతా తెరవలేం, ఆఫీసు అద్దెకు తీసుకోలేం. హెడ్ ఆఫీసు పేరునో ప్రతినిధి సొంత పేరునో చేయాలి. చైనాలో ప్రతినిధి కార్యాలయం స్థానిక సిబ్బందిని నేరుగా తీసుకోలేదు, అధీకృత ఏజెన్సీ ద్వారానే తీసుకోవాలి. ఆదాయమే లేకపోయినా ఖర్చుల ఆధారంగా లాభాన్ని అంచనా వేసి పన్ను కట్టించుకునే పద్ధతి కూడా అక్కడ ఉంది. "లైజన్ ఆఫీసుకు పన్ను ఉండదు" అని ఎవరైనా గట్టిగా చెబితే, ఏ దేశంలో అని అడగండి.

అసలు ముప్పు మెల్లగా వస్తుంది. సమాచారం కోసమని ఒకతన్ని పెడతారు. అతను చురుకైనవాడు. ఆరు నెలల్లో విజిటింగ్ కార్డు మీద "కంట్రీ హెడ్, సేల్స్" అని పడుతుంది. ఎంత డిస్కౌంట్ ఇవ్వాలో, డెలివరీ ఎప్పుడో కస్టమర్‌తో మెయిళ్లలో అతనే తేల్చేస్తాడు. హెడ్ ఆఫీసులో ఒకరు చదవకుండానే సంతకం పెడతారు. పన్ను అధికారి చూసేది సంతకాన్ని కాదు, ఆ మెయిళ్లను. దేశాల మధ్య పన్ను ఒప్పందాలకు ఓఈసీడీ (ధనిక దేశాల ఆర్థిక సంస్థ) ఇచ్చే నమూనా 2017లో మారినప్పటి నుంచి, అక్కడి మనిషి కస్టమర్ ఒప్పందం కుదరడంలో ప్రధాన పాత్ర పోషిస్తూ, హెడ్ ఆఫీసు పెద్దగా మార్పులేమీ చేయకుండా దాన్ని మామూలుగా ఆమోదిస్తూ ఉంటే చాలు, అక్కడ కంపెనీకి పన్ను పడే స్థిర వ్యాపార స్థానం, అంటే పర్మనెంట్ ఎస్టాబ్లిష్‌మెంట్ ఉన్నట్టే. అన్ని దేశాల పన్ను ఒప్పందాల్లోకీ ఆ మాటలు ఇంకా ఎక్కలేదు. ఎక్కిన చోట మాత్రం లైజన్ ఆఫీసు బోర్డు కింద కూర్చున్నా బ్రాంచ్‌కు పడే పన్నే పడుతుంది, పైగా వెనకటి ఏళ్లకు వడ్డీ, జరిమానాతో. ఈఓఆర్ ద్వారా పెట్టుకున్న సేల్స్ మనిషికీ ఇదే లెక్క వర్తించవచ్చు.

నిర్మాణ కంపెనీలకు గీత ఇంకొక చోట ఉంది. ఓఈసీడీ నమూనాలో సైటు 12 నెలలు దాటితే పర్మనెంట్ ఎస్టాబ్లిష్‌మెంట్, ఐక్యరాజ్యసమితి నమూనాలో 6 నెలలు దాటితే చాలు. రెండు దేశాల మధ్య సంతకమైన అసలు ఒప్పందంలో ఏ అంకె ఉందో చూడకుండా ప్రాజెక్టు షెడ్యూలు వేయకూడదు.

## బ్రాంచ్

బ్రాంచ్‌కు నిజమైన బలాలు మూడు. మాతృ సంస్థ టర్నోవరు, అనుభవం, పరపతి అన్నీ దానివే అవుతాయి. పదేళ్ల అనుభవం అడిగే టెండరుకు నిన్న పుట్టిన సబ్సిడరీ దరఖాస్తు పెట్టడానికీ వీల్లేదు. పెట్టుబడి, డివిడెండ్ లాంటి తతంగం లేకుండా డబ్బు అటూ ఇటూ పంపుకోవచ్చు. మూడోది నష్టాల సంగతి. ప్రపంచవ్యాప్త ఆదాయం మీద పన్ను వేసే దేశంలో మాతృ సంస్థ ఉంటే, బ్రాంచ్ మొదటి ఏళ్ల నష్టం సొంత దేశంలో కట్టే పన్నును తగ్గించవచ్చు. బ్రిటన్ 2011 నుంచి తన కంపెనీలకు ఒక ఎంపిక ఇచ్చింది: విదేశీ బ్రాంచ్‌ల లాభాలను పన్ను నుంచి పూర్తిగా తప్పించవచ్చు. కానీ అప్పుడు నష్టాలకూ విలువుండదు, ఎంపిక అమల్లోకి వచ్చాక వెనక్కి తీసుకోలేరు. తొలి ఏళ్లు నష్టమే అనుకునే కంపెనీ తొందరపడి దాన్ని ఎంచుకుంటే చేతులు కాలతాయి.

బలహీనతలు చెప్పడానికి 2008 ఐస్‌లాండ్ బ్యాంకుల ఉదంతం కంటే మంచి ఉదాహరణ లేదు. లాండ్స్‌బాంకి అనే బ్యాంకు ఐస్‌సేవ్ పేరుతో బ్రిటన్, నెదర్లాండ్స్‌లలో డిపాజిట్లు తీసుకుంది, రెండు చోట్లా బ్రాంచ్ ద్వారానే. కౌప్తింగ్ అనే ఇంకో ఐస్‌లాండ్ బ్యాంకు కూడా బ్రిటన్‌లో ఇంటర్నెట్ డిపాజిట్లు తీసుకుంది, కానీ అక్కడి చట్టం కింద ఉన్న సబ్సిడరీ ద్వారా. ఆ ఏడాది అక్టోబరులో రెండూ కూలాయి. సబ్సిడరీ ఖాతాల్ని బ్రిటన్ అధికారులు తమ పరిధిలోనే ఐఎన్‌జీ డైరెక్ట్‌కు మార్చేశారు. బ్రాంచ్ ఖాతాల భారం ఎవరిదన్నది మాత్రం దేశాల మధ్య తగవైంది. బ్రిటన్ ఉగ్రవాద నిరోధక చట్టం వాడి లాండ్స్‌బాంకి ఆస్తుల్ని స్తంభింపజేసింది, ఐస్‌లాండ్‌లో రెండుసార్లు ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది, 2013 జనవరిలో ఎఫ్టా (యూరప్ స్వేచ్ఛా వాణిజ్య సంఘం) కోర్టు ఐస్‌లాండ్ పక్షాన తీర్పిచ్చేదాకా అది తెమల్లేదు. మీది బ్యాంకు కాకపోవచ్చు. కానీ బ్రాంచ్ దగ్గర రాజుకున్నది హెడ్ ఆఫీసు దాకా అడ్డు లేకుండా పాకుతుందన్నది అందరికీ ఒకటే.

పన్నులోనూ బ్రాంచ్ చాలా చోట్ల చిన్నచూపుకు గురవుతుంది. భారత్‌లో విదేశీ కంపెనీకి, అంటే దాని బ్రాంచ్‌కు కూడా, పన్ను రేటు 35 శాతం; 2024 బడ్జెట్‌కు ముందు అది 40. మినహాయింపులు వదులుకున్న స్థానిక కంపెనీకి 22 శాతమే. రెండిటికీ సర్‌ఛార్జీ, సెస్సు అదనం. సబ్సిడరీ డివిడెండ్ పంపేటప్పుడు మళ్లీ కోత పడుతుంది కాబట్టి తేడా కనిపించినంత ఉండదు, అయినా చిన్నది కాదు. అమెరికాలో బ్రాంచ్ లాభంలో అక్కడే మళ్లీ పెట్టుబడిగా పెట్టని భాగం మీద 21 శాతం కార్పొరేట్ పన్నుకు తోడు 30 శాతం బ్రాంచ్ ప్రాఫిట్స్ ట్యాక్స్ ఉంది. కెనడాలో అలాంటిది 25 శాతం, ఇండోనేషియాలో 20, ఫిలిప్పీన్స్‌లో 15. పన్ను ఒప్పందం ఉంటే ఇవి బాగా తగ్గవచ్చు, కాబట్టి ఒప్పందం చదవకుండా ఈ అంకెలు చూసి బెదిరిపోనక్కర్లేదు. సింగపూర్, జపాన్ లాంటి చోట్ల ఇలాంటి అదనపు పన్నే లేదు.

లెక్కల గోప్యత కూడా ఆలోచించాలి. బ్రిటన్‌లో బ్రాంచ్ పెడితే తెరిచిన నెలలోపు అక్కడి కంపెనీల రిజిస్ట్రారు కంపెనీస్ హౌస్‌లో నమోదు చేసుకోవాలి, మాతృ సంస్థ లెక్కలు అక్కడ దాఖలు చేయాలి; ఆ ఫైలు ఎవరైనా తెరిచి చూడవచ్చు. సింగపూర్‌లోనూ బ్రాంచ్ లెక్కలతో పాటు హెడ్ ఆఫీసు లెక్కలు ఇవ్వాలి. మార్జిన్లు బయటపడటం ఇష్టం లేని కుటుంబ కంపెనీలు ఈ ఒక్క కారణంతోనే సబ్సిడరీ వైపు మళ్లుతాయి. తప్పులేదు.

## సబ్సిడరీ

అక్కడి కస్టమర్లకు, బ్యాంకులకు, ఉద్యోగానికి వచ్చేవాళ్లకు బాగా అర్థమయ్యేది ఇదే. స్థానిక కంపెనీ కాబట్టి స్థానిక నంబరు, స్థానిక ఇన్వాయిస్, గొడవ వస్తే స్థానిక కోర్టు. రేపు వాటాలు అమ్మాలన్నా, భాగస్వామిని చేర్చుకోవాలన్నా దీనితోనే వీలు.

పెట్టుబడి అడ్డంకి చాలా చోట్ల నామమాత్రం. సింగపూర్‌లో ఒక్క డాలరుతో కంపెనీ పెట్టవచ్చు. కానీ అక్కడ నివసించే డైరెక్టరు కనీసం ఒకరుండాలి, ఆరు నెలల్లో కంపెనీ సెక్రటరీని నియమించాలి. జర్మనీలో అక్కడి ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయిన జీఎంబీహెచ్‌కు 25,000 యూరోలు మూలధనం, అందులో సగం రిజిస్ట్రేషన్‌కు ముందే చూపాలి. చిన్నగా మొదలుపెట్టేవాళ్లకు అక్కడే ఒక యూరోతో మొదలయ్యే యూజీ రూపం ఉంది, కానీ ఆ పేరు చూడగానే సరఫరాదారులు అడ్వాన్సు అడుగుతారు.

పరిమిత బాధ్యత (సబ్సిడరీ అప్పులు మాతృ సంస్థ దాకా రావన్న నియమం) మీద మరీ భరోసా పెట్టుకోవద్దు. కొత్త కంపెనీకి ఆఫీసు అద్దెకిచ్చే యజమాని మాతృ సంస్థ గ్యారంటీ అడుగుతాడు. బ్యాంకూ అడుగుతుంది, మొదటి పెద్ద కస్టమరూ అడుగుతాడు. మూడు గ్యారంటీలు రాసిచ్చాక రెండు కంపెనీల మధ్య గోడ సగం కూలినట్టే. గోడ పూర్తిగా ఉన్నా డబ్బు దాన్ని దాటుకుని పోవచ్చు: 1995లో బేరింగ్స్ బ్యాంకును ముంచిన సింగపూర్ విభాగం బ్రాంచ్ కాదు, వేరే కంపెనీ. అక్కడి ట్రేడరు నిక్ లీసన్ అడిగినప్పుడల్లా లండన్ డబ్బు పంపుతూ పోయింది. నష్టం 82.7 కోట్ల పౌండ్లకు చేరింది, రెండు శతాబ్దాలు దాటిన బ్యాంకును ఐఎన్‌జీ ఒక్క పౌండుకు కొనుక్కుంది. సబ్సిడరీ పెట్టాక అందులో ఎంతవరకు డబ్బు పోయవచ్చో బోర్డు ముందే రాసుకోవాలి.

ఇక ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్. మాతృ సంస్థ, సబ్సిడరీ వేరు కాబట్టి వాటి మధ్య ప్రతి సేవకూ, సరుకుకూ, అప్పుకూ బయటివాళ్లతో అయితే ఎంత ధర ఉండేదో అంతే ఉండాలి. ఆ లెక్కకు కాగితం ఉండాలి. బ్రాంచ్‌కూ లాభాల పంపకం లెక్క తప్పదు, కానీ హెడ్ ఆఫీసు తన బ్రాంచ్ నుంచి రాయల్టీ, వడ్డీ తీసుకున్నట్టు చూపితే చాలా దేశాలు ఒప్పుకోవు. సబ్సిడరీకి అయితే ఒప్పుకుంటాయి, న్యాయమైన రేటుకు.

## మీ పరిస్థితికి ఏది

ఒకరిద్దరు కస్టమర్లున్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. ఈఓఆర్‌తో ఒక సపోర్ట్ ఇంజినీరును పెట్టండి, అమ్మకాలు హెడ్ ఆఫీసు నుంచే నడపండి. ఆ దేశం ఆదాయం ఒక ఆఫీసు ఖర్చును ధీమాగా మోసే స్థితికి వచ్చాక నేరుగా సబ్సిడరీకి వెళ్లండి. మధ్యలో బ్రాంచ్ మెట్టు ఎక్కడం వల్ల వీళ్లకు ఒరిగేదేమీ లేదని నా అభిప్రాయం. బ్రాంచ్‌ను తర్వాత సబ్సిడరీగా మార్చడమంటే పేరు మార్చడం కాదు: ప్రతి కస్టమర్ ఒప్పందం మళ్లీ రాయాలి, లైసెన్సులు మళ్లీ తెచ్చుకోవాలి, ఉద్యోగుల్ని బదిలీ చేయాలి, ఆస్తులు తరలించినందుకు పన్ను పడవచ్చు.

ఒకే ప్రాజెక్టు గెలిచిన కాంట్రాక్టరు. బ్రాంచ్. టెండరుకు మాతృ సంస్థ అనుభవం కావాలి, పని అయ్యాక మూసేస్తారు. బాధ్యత భయాన్ని బీమాతో, కాంట్రాక్టులో నష్టపరిహార పరిమితితో చూసుకోవాలి. ప్రాజెక్టు చాలా పెద్దదైతే చాలామంది ఆ ఒక్క పని కోసమే సొంత దేశంలో వేరే కంపెనీ పెట్టి, దాని బ్రాంచ్‌ను అక్కడ తెరుస్తారు. అప్పుడు బ్రాంచ్ బాధ్యత ఆ చిన్న కంపెనీ దాకానే వెళ్తుంది.

సరుకు అమ్మే తయారీదారు. డిస్ట్రిబ్యూటరుతో మొదలుపెట్టి, అతన్ని గమనించడానికి లైజన్ ఆఫీసు. రెండూ కలిపి బాగా పనిచేస్తాయి, లైజన్ మనిషి ఆర్డర్లు తీసుకోనంత కాలం.

బ్యాంకు, బీమా. ఇక్కడ మీ ఇష్టం కంటే అక్కడి నియంత్రణ సంస్థ ఇష్టం ఎక్కువ. ఐస్‌లాండ్ తర్వాత రిటైల్ డిపాజిట్లు తీసుకోవాలంటే సబ్సిడరీయే పెట్టమనే దేశాలు పెరిగాయి.

సొంత మనుషుల్ని అమెరికా పంపాలనుకునేవాళ్లు. కంపెనీ తన ఉద్యోగిని అక్కడి ఆఫీసుకు బదిలీ చేసే ఎల్-1 వీసాకు బ్రాంచ్ అయినా సబ్సిడరీ అయినా సరిపోతుంది. అయితే కొత్త ఆఫీసు అయితే మొదట ఏడాదికే ఇస్తారు, దరఖాస్తుకు ముందే అద్దె స్థలం చూపాలి. ఏడాది తర్వాత పొడిగింపు కావాలంటే అక్కడ వ్యాపారం నడుస్తున్నట్టు కనిపించాలి. ఒక్క మనిషి, ఒక్క లాప్‌టాప్ ఉంటే కష్టం.

## కాగితాల వరుస

బ్రాంచ్‌కైనా సబ్సిడరీకైనా హెడ్ ఆఫీసు నుంచి వెళ్లాల్సినవి దాదాపు ఒకటే: ఇన్‌కార్పొరేషన్ సర్టిఫికెట్, మెమొరాండం, ఆర్టికల్స్, బోర్డు తీర్మానం, అక్కడి మనిషికి పవర్ ఆఫ్ అటార్నీ, డైరెక్టర్ల పాస్‌పోర్టు నకళ్లు, అసలు యజమానులెవరో చూపే వాటాల పట్టిక. వీటికి నోటరీ, ఆపైన అపోస్టిల్ (పత్రం విదేశంలో చెల్లేలా సొంత ప్రభుత్వం వేసే ముద్ర), ఆపైన ఆ దేశంలో గుర్తింపు ఉన్న అనువాదకుడి అనువాదం. రెండు దేశాలూ 1961 హేగ్ ఒప్పందంలో ఉండి, ఒకదాని చేరికకు మరొకటి అభ్యంతరం చెప్పకుండా ఉంటే అపోస్టిల్ ముద్ర ఒక్కటే చాలు. చైనాలో 2023 నవంబరులో, కెనడాలో 2024 జనవరిలో అది అమల్లోకి రావడంతో చాలా దేశాలవాళ్లకు ఆ రెండు చోట్లా పని సగమైంది. ఒప్పందంలో లేని దేశానికైతే విదేశాంగ శాఖ ముద్ర, ఆ తర్వాత ఆ దేశపు ఎంబసీ ముద్ర.

ఇబ్బందంతా తేదీలతో. కంపెనీ ఇంకా నమోదులో ఉందని రిజిస్ట్రారు ఇచ్చే స్టేటస్ సర్టిఫికెట్ మూడు నెలలకు మించి పాతదైతే చాలా బ్యాంకులు తీసుకోవు. అది తెచ్చుకుని, నోటరీ, అపోస్టిల్, అనువాదం, కొరియర్ అన్నీ పూర్తయ్యేసరికి ఆ గడువు దగ్గర పడుతుంది. బోర్డు తీర్మానంలో మేనేజరు పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టు అక్షరం తేడా లేకుండా లేకపోతే మొత్తం వరుస మళ్లీ మొదలు. కాబట్టి స్టేటస్ సర్టిఫికెట్‌ను అన్నిటికంటే చివర తీసుకోండి. ముసాయిదా తీర్మానాన్ని ముందే అక్కడి బ్యాంకుకు మెయిల్ చేసి, ఈ మాటలు మీకు సరిపోతాయా అని అడగండి. బ్యాంకు రాతపూర్వకంగా సరే అనేదాకా ఆఫీసు అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టొద్దు. తప్పనిసరైతే ఏడాది తర్వాత ఖాళీ చేసే హక్కు అందులో రాయించుకోండి.